బొగ్గులో పెట్టవద్దన్న పైసలు

మా మేనత్త గత శుక్రవారం తెల్లవారుజామున వరంగల్ దవాఖానలో కన్నుమూసింది. మధ్యాహ్నం ఇంటికి పలకరింపుకు వచ్చిన ఒక పెద్దమనిషి ఆమె కాళ్ల దగ్గర పూలు పెట్టి, వెంటనే మా తమ్ముడి వైపు తిరిగి, "ఇగ మీ అత్త పైసలకు అడ్డం ఎవరున్నరు? మంచి ఫండ్‌ల వెయ్యి," అన్నాడు. నేను రెండు పూటలా దేవుడి ముందు కూర్చునే మనిషిని. గొంతు పెంచడం నాకు రాదు. ఆ రోజూ పెంచలేదు. కానీ ఆ మాట ఇంకా లోపల మండుతూనే ఉంది. అందుకే ఆమె గురించి మీకు చెబుతున్నాను.

ఆమె ఊరు మేడారం పోయే దారికి అవతల. చేను బొగ్గు గని కిందికి పోయింది. పిల్లలు లేరు. పరిహారం పట్టుకుని వరంగల్ కొత్తవాడలో మా ఇంటికి వచ్చింది. మ్యూచువల్ ఫండ్‌లు అమ్మే మా తమ్ముడు ఆ పైసలు లాభం వచ్చేచోట పెట్టాడు.

ఏది కొన్నా ఏ ఊరిదని అడగడం ఆమె అలవాటు. "వంకాయకు గూడ ఆధార్ కార్డు అడుగుతవా అవ్వా?" అని కూరగాయలామె నవ్వేది. ఒకరోజు తమ్ముణ్నీ అలాగే అడిగింది. "అల్లుడా, నా పైసలు ఏ ఊర్ల పని జేస్తున్నయ్?"

తమ్ముడు ఫోన్‌లో చూసి కంపెనీల పేర్లు చదివాడు. మొదటిదే బొగ్గు కంపెనీ.

"నా చేను తిన్నదానికి నా పైసలే మేత పెడ్తున్నవార?"

తీసెయ్యమంది. తమ్ముడు పర్యావరణానికి మేలని పచ్చటి ఆకు బొమ్మ వేసిన ఇంకో ఫండ్‌లో వేశాడు. అందులో బొగ్గు కంపెనీ లేదు, గనులకు అప్పులిచ్చే బ్యాంకు ఉంది. ఆకు బొమ్మ వేసి అమ్మినవాళ్లను ఏమనాలి? ప్రసాదమని చెప్పి ఎంగిలి కూడు పెట్టడం కాదా ఇది?

అదీ తీసెయ్యమంటే తమ్ముడు విసుక్కున్నాడు. "గంత నీతి ఉంటే ఫ్యాన్ బంద్ జెయ్యి అత్తా. కరెంటు గూడ బొగ్గుదే." ఇంట్లో అందరూ నవ్వారు. ఆమె ఫ్యాన్ కింది నుంచి లేవలేదు. "ఫ్యాన్ లేకుంట ఉండలేనురా, ఒప్పుకుంట. గని లాభం లేకుంట ఉంట. రెండూ ఒక్కటేనా?"

చివరికి ఆ పైసలు జంపఖానాలు నేసేవాళ్ల సంఘానికి నూలు కోసం అప్పుగా ఇచ్చింది. వడ్డీ తక్కువ, అదీ ఆలస్యం. అక్కడా ఊరుకోలేదు. రంగు నీళ్లు ఎక్కడికి వదులుతున్నారని అడిగింది. మురికి మోరీలోకేనని తెలిసింది. "కడిగిన ముత్యమసొంటి జాగ యాడ లేదు బిడ్డా. లేదని కండ్లు మూసుకుంటే ఎట్ల?" అంది. ఆ నీళ్లకు వేరే గుంత తవ్వమని సంఘం వెంటపడింది. ఇంకా తవ్వలేదు.

ఆమె తర్వాత ఆ పైసలు తమ్ముడివి. దవాఖానలో కూడా ఆమెకు అదే ఫికరు. "వాడు మళ్ల ఆ బొగ్గులనే పెడ్తడా?" అని నన్ను అడిగింది.

మూడో రోజు పిట్టకు పెట్టడం మా ఆచారం. పిట్ట మెతుకు ముడితే పోయినవాళ్లకు కోరిక మిగల్లేదని నమ్మకం. ముట్టకపోతే ఆ కోరిక తీరుస్తామని ఇంటివాళ్లు మాట ఇస్తారు. దహనమైన చోట పెట్టాక, ఆమె చేను దగ్గరికీ ఒక విస్తరి పట్టుకుపోయాం. చేను లేదు, లోతైన గని గుంత ఉంది. కంచె బయటే పెట్టాం. ఒక్క కాకీ రాలేదు.

"అక్కా, అత్తకు ఏదో కోరికున్నది," అన్నాడు తమ్ముడు.

"ఏందో నీకు తెల్వదార?"

వాడు కంచె వైపు తిరిగాడు. చేతులు జోడించాడు. "అత్తా, నీ పైసలు బొగ్గుల పెట్ట. సంఘంలనే ఉంటయ్."

అయినా పిట్ట రాలేదు. కంచె దగ్గరి కాపలాదారు మమ్మల్ని చూసి, "గనిల ఈ పేలుళ్లకు ఈడ కాకులుంటయా అమ్మా? ఎప్పుడో పోయినయ్," అన్నాడు.

నా నోట దేవుడి పేరు కూడా రాలేదు. ఇచ్చిన మాట అందుకోవడానికి ఒక పిట్టనైనా మిగల్చలేదు ఈ గనివాళ్లు.

గుంతలో సైరన్ మోగింది. కాసేపటికి నేల అదిరింది. కంచె మీదుగా దుమ్ము లేచి మా వైపు వచ్చింది. తమ్ముడు గబుక్కున కింద కూర్చుని, రెండు చేతులూ ఆ అన్నం మీద కప్పాడు.