సీపీయూలో వేసిన వల ముడి

నేను చదివింది నాలుగో తరగతి. అదీ పూర్తిగా కాదు. చేపల వేట మొదలైతే పలక గూట్లో పెట్టి మా నాన్న వెంట పడవెక్కేవాణ్ణి. కాబట్టి లోకంలో నాకు తెలియని సంగతులు చాలా ఉన్నాయని ఎవరు చెప్పినా ఒప్పుకుంటాను. తాడు సంగతి మాత్రం ఒప్పుకోను. సన్నదైనా లావుదైనా, చేత్తో పట్టుకోగానే దాని మంచీ చెడూ నాకు తెలిసిపోతుందని గట్టి నమ్మకం. మోకాలు చెడిపోయి వేట మానేశాక, నా నేర్పు చూపించడానికి పడవ లేకపోవడంతో ఆ నమ్మకం ఇంకా ముదిరింది.

ఆ ఏడాది మా అమ్మాయి ఎచ్చెర్లలో పెద్ద చదువు చదువుతోంది. రోజూ బస్సులో వెళ్లి వచ్చేది. చదువు చివర్లో ఒక ప్రాజెక్టు రాసి ఇవ్వాలన్నారట. మన ఒడ్డున చేపలకీ, వలలకీ, గాలులకీ ఉన్న పేర్లన్నీ పోగు చేస్తానంది. అందుకు ఊరంతా తిరగాల్సిన పని లేకపోయింది, ఇంట్లో నేనున్నాను. సాయంత్రమైతే ఆమె కంప్యూటర్ ముందు, నేను గుమ్మంలో. నేను చెప్పడం, ఆమె టైపు కొట్టడం. నెత్తళ్లతో మొదలుపెట్టి సొరచేప దాకా రావడానికి మూడు నెలలు పట్టింది. ఒక్కో చేప దగ్గర ఒక్కో కథ చెబితే పట్టదా మరి.

"నాన్నా, పేరు సెప్పు సాలు. అది నీకు ఏ రోజు దొరికినాదో, ఆ రోజు నువ్వేటి తిన్నావో అక్కర్నేదు," అనేది.

నేను వింటేగా. అన్నీ గుర్తున్నప్పుడు చెప్పకుండా ఎలా ఉంటాను.

ఆ కంప్యూటర్ శ్రీకాకుళంలో ఏదో ఆఫీసు వాళ్లు తీసేసింది. ఎండలు ముదిరేసరికి పని మధ్యలో టక్కున ఆరిపోవడం మొదలుపెట్టింది. పెట్టె మీద చెయ్యి పెడితే అట్లపెనంలా ఉండేది. సోమవారం నాడు ప్రాజెక్టు అప్పగించాలి. సగం ప్రింటు తీసి ఉంది. మిగతా సగం ఆ పెట్టెలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. అమ్మాయి ముఖం చూడలేక శుక్రవారం ఉదయం పెట్టెను ఆటోలో ఒళ్లో పెట్టుకుని అరసవల్లి రోడ్డులో ఉన్న రిపేరు షాపుకు తీసుకెళ్లాను.

షాపతను పక్కమూత తీసి, బ్రష్షు పెట్టి దుమ్ము దులిపాడు. లోపల చూపించాడు.

"సూడు మావా. ముందున్న ఫ్యాను గాలి లోపలికి లాగతాది, ఎనకున్న ఫ్యాను బయటికి తోస్తాది. నీ వైర్లన్నీ ముందు ఫ్యానుకి అడ్డంగా పడున్నాయి. డిస్కు కేబులు క్లిప్పు కూడా ఇరిగిపోనాది. కొత్తవి రెండు మార్సీసి, గోడవారగా లాగీసినామంటే పెట్టికి ఊపిరాడతాది. నన్నే లాగీమంతావా?"

వైరు లాగడానికి నాకు ఇంకొకరా. "నాను లాగతాను, నువ్వు సరుకు సూపించు," అన్నాను.

బల్ల మీద నాలుగైదు రకాలు పరిచాడు. అన్నీ ఎర్రటి సన్నటి పట్టీలే. కొన్ని జానెడున్నర, కొన్ని రెండు జానలు, కొన్ని నాలుగు జానలకు పైన. కొన్నింటి కొస తిన్నగా ఉంది, కొన్నింటిది మోచెయ్యిలా వంగి ఉంది. కొన్నింటికి చిన్న ఇనుప క్లిప్పు. నేను ఒక్కోటీ తీసుకుని రెండు చేతులా లాగి చూశాను. మెలిపెట్టి చూశాను. వాసన కూడా చూశాను. చూసి, అన్నిటికన్నా పొడుగువి రెండు పక్కన పెట్టాను.

"పొట్టివి తీసుకో మావా. ఇంత పొడుగు నీకెందుకు?"

"తాడు సాలకపోతే మడిసి పోతాడు. మిగిలితే ఏటి పోద్ది?"

"ఇది పడవ కాదు మావా."

"పడవైతే నిన్నడుగుతానేటి?" అన్నాను. నా మాటకు నేనే మురిసిపోయి, ఇంటికి వచ్చేదాకా ఆటోలో నవ్వుకుంటూనే ఉన్నాను.

మధ్యాహ్నం అమ్మాయి కాలేజీలో ఉండగా పని మొదలుపెట్టాను. ఏది ఎక్కడ తీశానో అక్కడే తగిలించాను, అందులో తప్పు చెయ్యలేదు. తగిలించాక చూస్తే రెండు కేబుళ్లూ పెట్టె నిండా పాముల్లా వేలాడుతున్నాయి. వేలాడే తాడంటే నాకు ఒళ్లు మంట. రెండింటినీ చుట్టలు చుట్టి, కలిపి, వల కుట్టే నైలాను దారంతో వల ముడి వేశాను. ఆ కట్ట ఎక్కడా పట్టలేదు. ముందు ఫ్యాను ఎదురుగా కాస్త ఖాళీ కనిపిస్తే అందులో కుక్కి మూత బిగించాను. పైకి చూస్తే ఎంత శుభ్రంగా ఉందో. మా ఆవిడను పిలిచి చూపించాను. మూత మాత్రమే చూపించాను.

సాయంత్రం అమ్మాయి వచ్చి ఆన్ చేసింది. అరగంట కాలేదు, ఆరిపోయింది. చల్లారనిచ్చి మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద తెల్లగా ఏదో ఒక్క ముక్క వచ్చి నిలబడిపోయింది.

"డిస్కు కనబడ్డం నేదు నాన్నా," అంది. అరిచి ఉంటే బాగుండేది. ప్రింటు తీసిన సగం కాగితాలు ఒళ్లో పెట్టుకుని అంచులు సర్దుతూ కూర్చుంది.

"పోనీ మళ్లీ సెప్తాను, రాసుకో," అన్నాను.

"మూడు నెల్లు సెప్పినావు. రెండు రోజుల్లో సెప్పగలవేటి?"

కథలు మానేస్తే చెప్పగలను. ఆ మాట అనడానికి నాకే నమ్మకం చాలలేదు.

మా ఆవిడ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. చదువు నాకన్నా తక్కువ. వచ్చి, ప్లగ్గు తీయించి, మూత తీయించింది. ఎర్రకట్టను చూసింది, నన్ను చూసింది.

"ఇదేటి?"

"వైర్లు. సర్దినాను."

"నెత్తళ్లు కుప్పగా పోసినానని ఈదంతా యినేలా ఎన్నిసార్లు తిట్టినావు నన్ను? గాలి తగలకపోతే కుళ్లిపోతాయే అని. మరి ఇదేటి పోసినావు?"

నిజమే. తిట్టింది నేనే. ఆమె మూత మూయించి, ఆన్ చేయించి, దేవుడి దగ్గర నుంచి అగరుబత్తి వెలిగించి తెచ్చి పెట్టె ముందున్న జల్లెడలాంటి చిల్లుల దగ్గర పెట్టింది. పొగ నిటారుగా పైకి పోయింది. మళ్లీ ప్లగ్గు తీయించి, నా కట్టను బయటికి లాగి, ఆన్ చేయించి, అగరుబత్తిని మళ్లీ అక్కడే పెట్టింది. ఈసారి పొగ వంగి లోపలికి వెళ్లిపోయింది.

"గాలి దారి ఇదమ్మా. దీనికడ్డం ఏటీ ఉండకూడదు," అని కూతురితో అంది, నాతో కాదు.

అమ్మాయి కట్ట విప్పబోయింది. విప్పలేకపోయింది. కత్తెర తెచ్చి దారం కోస్తే, కేబుల్ మీద ముడి పడ్డచోట చీమ నడుములా నొక్కుకుపోయి ఉంది.

"ఎంత గట్టిగా లాగినావు నాన్నా?"

"కొంచెం."

"కొంచెమా?"

"పెట్టికి కాలు అడ్డమెట్టి లాగినాను," అని ఒప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ దారం తీసుకుని కొలిచింది. నేనైతే ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా పట్టేవాణ్ణి. ఆమె అలా పట్టలేదు. బోర్డు దగ్గర మొదలుపెట్టి, గోడవారగా తీసుకెళ్లి, మూల తిప్పి, డిస్కు దాకా పరిచి, కాస్త వదులు ఉంచి తెంపింది. రెండో దారం సీడీ పెట్టేదానికి. రెండూ కొంగున ముడివేసుకుంది. డిస్కుకు వైరు తగిలే కొసకీ పక్కమూతకీ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేదని, అక్కడికి వంగిన కొసది కావాలని అమ్మాయి చెప్పింది. క్లిప్పు ఉన్నదే తెమ్మంది. నేను సంచీ పట్టుకున్నాను.

షాపతను దారాలు బల్ల మీద పరిచి చూశాడు. "ఇవెవులు కొలిసినారు?"

"ఇంట్లోవోలు."

"నాను అలగే అనుకున్నాను," అని, రెండు పొట్టి కేబుళ్లు తీసి మా ఆవిడ చేతికి ఇచ్చాడు. నా చేతికి ఇవ్వలేదు.

అమ్మాయే తగిలించింది. కేబుళ్లు గోడనంటుకుని బల్లుల్లా బుద్ధిగా పడుకున్నాయి. ఆన్ చేసింది. నేను గుమ్మంలో నిలబడి, తెలిసిన దేవుళ్లందరినీ వరసగా తలుచుకుంటున్నాను. తెర వెలిగింది. డిస్కు వచ్చింది. ఆమె ఫైలు తెరిచి కిందికి జరుపుకుంటూ పోయింది. నెత్తళ్లు, కవ్వళ్లు, కానాగంతలు, చందువా, వంజరం, సొర. అన్నీ ఉన్నాయి. నా కథలు మాత్రం ఒక్కటీ లేవు. అవి ఆమె ఎప్పుడూ కొట్టనే లేదని నాకు అప్పుడు తెలిసింది.

సాయంత్రం దాకా పెట్టె ఆరిపోలేదు. ముగించే ముందు అమ్మాయి వెనక్కి తిరిగింది.

"నాన్నా, నువ్వేసిన ఆ ముడి మన జాబితాలో నేదు. దాన్నేటంతారు?"

"వల ముడి," అన్నాను. అడిగింది కదా అని ఉత్సాహం వచ్చి, "తడిసినకొద్దీ బిగుస్తాది, లాగినకొద్దీ బిగుస్తాది. మా నాన్న నాకు దాన్ని..." అని అందుకున్నాను.

"సాలు నాన్నా," అంది. అప్పటిదాకా నేను చెప్పింది కొట్టింది. తర్వాత ఇంకో వాక్యం కొట్టి, నవ్వు ఆపుకుంటూ నాకు చదివి వినిపించింది. "ఈ ముడిని వలకు మాత్రమే వేయాలి."

ప్రాజెక్టులో ఆ వాక్యం అలాగే ఉంది. సోమవారం అలాగే అప్పగించింది.