రాయి మీద చివరి పేరు

ఎవరిస్ట్ బార్నో పన్నెండేళ్ళలో పద్నాలుగు నాటకాలు రాశాడు. పద్నాలుగింటిలోనూ మూడో అంకంలో ఎవరో ఒకరు ఇంటికి తిరిగొస్తారు. పారిస్ జనం కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టి వెళ్ళిపోయేవారు. ఎందుకు ఎప్పుడూ అదే రాస్తాడని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అతనూ తమ్ముడు ఫిర్మిన్ ఒకే దళంలో ఉన్నారు. పంతొమ్మిది వందల పదిహేడు ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున దాడికి వెళ్ళారు. ఎవరిస్ట్ ఎలాగో వెనక్కి పాకి కందకంలో పడ్డాడు. ఫిర్మిన్ ముళ్ళతీగల్లో చిక్కుకుపోయాడు. తల పైకెత్తిన వాడినల్లా అవతలి తుపాకులు పడగొడుతున్నాయి. ఆ రోజంతా ఫిర్మిన్ "అన్నా, అన్నా" అని పిలుస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి ఎవరిస్ట్ చెవులు మూసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి పిలుపు ఆగింది. మర్నాడు ఫిరంగి గుళ్ళ వాన కురిసి ఆ చోటే లేకుండా పోయింది.

ఇంటికొచ్చిన రోజున తల్లి ఓర్తాన్స్ గుమ్మంలోనే అడిగింది. "తమ్ముడేడిరా పెద్దాడా?"

"పొగలో విడిపోయామమ్మా. నేను చూడలేదు."

ఆ ఒక్క అబద్ధంతో ఆమె పదిహేడేళ్ళు బతికింది. ఊరి బట్టలు ఉతికి చేతులు ఒరిసిపోయిన మనిషి, ప్రతి పూటా బల్ల మీద ఫిర్మిన్ కోసం మూడో పళ్ళెం పెట్టడం మొదలుపెట్టింది.

ముఖం చూస్తూ చెప్పలేనిది కాగితం మీద చెబుదామనుకున్నాడు ఎవరిస్ట్. రైల్వే గోదాములో గుమాస్తాగా ఉంటూ రెండేళ్ళు కూర్చుని నాటకం రాశాడు. అందులో తల్లి అడుగుతుంది, పెద్దకొడుకు ఏదీ దాచకుండా చెబుతాడు. అమ్మని మొదటి ఆటకి తీసుకొచ్చి కూర్చోబెడితే చాలు, ఆ తర్వాత తను నోరు విప్పక్కర్లేదు. అదీ అతని ఆలోచన.

నాటకశాల యజమాని పెలిసో చదివి, కాగితాలు బల్ల మీద పడేశాడు.

"బాగా రాశావయ్యా. అంతా నిజమే. కానీ నిజానికి టిక్కెట్టు ఎవడు కొంటాడు? ఇంటింటా ఉచితంగా దొరుకుతోంటే! మూడో అంకంలో తలుపు కొట్టించు. కుర్రాణ్ణి లోపలికి పంపు."

"వాడు చచ్చిపోయాడండీ."

"కాగితం మీదేగా చచ్చింది? బతికించు."

వారం రోజులు ససేమిరా అన్నాడు. తర్వాత ఒక్క పూటలో బతికించేశాడు. ఇందులో అతన్ని వెనకేసుకు రావడానికేమీ లేదు. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి, గోదాము విసుగెత్తింది, గోడల మీద తన పేరు చూసుకోవాలనిపించింది. అంతే.

మొదటి ఆటకి ఓర్తాన్స్ నల్ల టోపీ పెట్టుకుని పారిస్‌లో రైలు దిగింది. వద్దని ఎలా రాయాలో అతనికి తోచలేదు. వేదిక మీద తలుపు చప్పుడైంది, కుర్రాడు లోపలికొచ్చాడు, మూడో పళ్ళెంలో సూప్ పోశారు. హాలంతా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆనవాయితీ ప్రకారం ముఖ్యనటుడు తెర ముందుకొచ్చి రచయిత పేరు ప్రకటించాలి. ఆ రోజు ముఖ్యనటుడు తమ్ముడి వేషం వేసినవాడే. ఒంటి మీద ఇంకా సైనికుడి కోటు ఉంది. అతను గొంతెత్తి "ఎవరిస్ట్ బార్నో!" అని పిలిచేసరికి, తెర పక్కనున్న రచయిత రెండు చెవులూ మూసుకున్నాడు.

నడవలో తల్లి అతని కోటు పట్టుకుంది.

"ఒరే, నీకు తెలుసన్నమాట! వాడొస్తాడని తెలీకపోతే ఇలా రాస్తావా? యుద్ధంలో పోయిన ఊరివాళ్ళ పేర్లు రాయి మీద చెక్కిస్తున్నారురా. మనవాడి పేరూ ఇమ్మని మేయరు నా ప్రాణం తోడేస్తున్నాడు. ఎదురుచూసి అలిసిపోయాను, ఈ ఆదివారం సరేనందామనుకున్నా. ఇంక ఇవ్వను. బతికున్నవాడికి రాయేమిట్రా?"

"అమ్మా..." అన్నాడు. అంతలో పెలిసో వచ్చి భుజం మీద చెయ్యేసి విందుకి లాక్కుపోయాడు. అతను వెళ్ళాడు. వెళ్ళకుండా ఉండవలసింది.

ఆ తర్వాత అందరూ అదే కావాలన్నారు, అతను అదే రాశాడు. ఆదివారాలు ఊరికి వెళ్ళి, ఖాళీ పళ్ళేనికి ఎదురుగా కూర్చునేవాడు. ఈసారి చెప్పేయాలి అనుకునేవాడు. సూప్ చల్లారిపోయేది గానీ మాట పైకొచ్చేది కాదు. మాట్లాడే సినిమాలు వచ్చాక అతని నాటకాలు ముందు సముద్రతీరపు చిన్న ఊళ్ళకు దిగజారాయి, తర్వాత అక్కడా ఆగిపోయాయి. పంతొమ్మిది వందల ముప్పై నాలుగు ఫిబ్రవరిలో ఓర్తాన్స్ కన్నుమూసింది. ఆఖరున ఆమె అన్న మాట, "తలుపు గడియ పెట్టకు."

అంత్యక్రియలైన మర్నాడు ఎవరిస్ట్ మేయరు గ్రివో దగ్గరికెళ్ళి జరిగినదంతా చెప్పాడు. ముళ్ళతీగలు, పిలుపు, చెవులు మూసుకోవడం. అన్నీ చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

గ్రివో రాయి మీది పేర్ల జాబితా తీసి ముందు పెట్టుకున్నాడు. "నీ నాటకం చూశామయ్యా. మా ఆవిడ రెండు రుమాళ్ళు తడిపింది. మరి ఆ ముసలిదానికి ఒక్కసారైనా చెప్పలేకపోయావా?"

"చెబుదామనే రాశానండీ."

"సరే. అక్షరాల వరసలో అయితే మీవాడిది రెండో పేరు. అక్కడ చోటు లేదు. అడుగున చెక్కిస్తాను."

యుద్ధం ముగిసిన రోజైన నవంబరు పదకొండున ఊరంతా రాయి ముందు నిలబడింది. మేయరు ఒక్కో పేరూ చదువుతాడు, ప్రతి పేరుకీ జనం "ఫ్రాన్స్ కోసం చనిపోయాడు" అంటారు. ఇన్నేళ్ళూ మొత్తం పంతొమ్మిది పేర్లు, అందరికీ కంఠతా వచ్చినవే. పంతొమ్మిదోది అవగానే మగవాళ్ళు గౌరవంగా తీసిన టోపీలు పెట్టుకున్నారు, ఆడవాళ్ళు బుట్టలు అందుకున్నారు.

"ఫిర్మిన్ బార్నో" అన్నాడు మేయరు.

ఎవరూ పలకలేదు. కొందరు వెనక్కి తిరిగి చూశారు. వేరేవాళ్ళ నోట వేల మాటలు పలికించిన ఎవరిస్ట్‌కి ఈ మాట పలకడానికి తన నోరు తప్ప ఇంకెవరిదీ దొరకలేదు.

"చనిపోయాడు" అన్నాడు. ఫ్రాన్స్ ఊసు నోటికి రాలేదు. "నన్ను పిలిచాడు. నేను వెళ్ళలేదు."

పెట్టుకున్న టోపీలు మళ్ళీ తీశారు.