ఒడిబియ్యం అయ్యేదాకా ఆగమన్నాను

ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది బిడ్డా. అన్నం ముద్ద కూడా దానికి తగిలే కిందికి దిగుతుంది. ఈరోజు చెప్పేస్తాను, నువ్వు రాయి. మీ అమ్మమ్మ మాటను నీ బడి తెలుగులోకి దిద్దుకో, ఏం కాదు. చేసిన పనిని మాత్రం దిద్దకు.

మీ అమ్మ కడుపు మీద నిలువుగా కుట్ల మచ్చ ఉంది కదా. మీ నాయిన నిర్లక్ష్యం వల్లే అది వచ్చిందని చిన్నప్పటి నుంచీ వింటున్నావు. మొన్న సెలవులకు నిన్ను ఇక్కడ దింపడానికి వచ్చినప్పుడు, ఏదో కోపంలో ఆ మాట ఆయన ముఖం మీదే అన్నావు. ఆయన చాయ్ తాగి వెళ్లిపోయాడు. నేను పక్కనే బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

అప్పట్లో మీరు మేడ్చల్‌లో ఉండేవాళ్లు, నేను ఇక్కడే, అలియాబాద్‌లో. నువ్వు పుట్టాక మీ అమ్మ బాగా లావైంది. మోకాళ్ల నొప్పులు, షుగరు. ఒళ్లు తగ్గడానికి ఆపరేషను ఉందట గానీ, కోత అంటే దానికి ప్రాణభయం. కోత లేని దారి ఒకటి ఉందని సిటీలో డాక్టరు చెప్పాడట. నోట్లోంచి గొట్టం వేసి కడుపులో బెలూను పెడతారు, దాన్ని నీళ్లతో నింపుతారు. కొంచెం తినగానే కడుపు నిండినట్టు ఉంటుంది. ఆరు నెలలకు మళ్లీ నోట్లోంచే తీసేస్తారు. పెట్టిన కొత్తలో వాంతులతో అల్లాడిపోయింది. తర్వాత కుదురుకుంది. రవికెలు వదులవుతుంటే చిన్నపిల్లలా మురిసేది.

ఆ నీళ్లలో నీలం మందు కలుపుతారు. ఒంటికి వెళ్లినప్పుడు నీలంగానో ఆకుపచ్చగానో వస్తే బెలూను కారుతున్నట్టు. అప్పుడు ఒక్క పూట కూడా ఆగకుండా రావాలన్నారు. ఇదంతా మీ అమ్మకు, నాయినకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియనియ్యొద్దన్నది నేనే. కడుపులో గాలిబుగ్గ పెట్టించుకుందట అని చుట్టాలు నవ్వుతారని.

ఆ ఏడు మీ అమ్మకు ఒడిబియ్యం పెట్టుకున్నాం. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ ఒడి నింపి పంపడమంటే మా ఇంటి పరువు. వాకిట్లో టెంటు వేశాం. మీ నాయిన ఐసుగడ్డల కోసం షామీర్‌పేట్ వెళ్లాడు. ముత్తైదువలు పసుపు కలిపిన బియ్యం చుట్టూ కూర్చున్నారు. అప్పుడు మీ అమ్మ స్నానాల గదిలోంచి వచ్చి నన్ను మూలకు లాగింది.

"అమ్మా, పచ్చగ వచ్చింది. ఆయనను పిలువు, దవఖానకు పోదాం."

"నొస్తాందా?"

"నొస్తలేదు గని..."

"నొయ్యకుంటే ఇంకేంది? గోలీలు మింగుతున్నవ్ గద, గందుకే. ఒడిబియ్యం అయ్యేదాక ఆగు. పీట మీదికెల్లి లేసిపోతే మీ పెద్దమ్మ ఊరంత డప్పు కొడ్తది."

"డాక్టరు ఆగొద్దన్నడమ్మా."

"డాక్టరు పోస్తడా నీకు ఒడిబియ్యం? నడువ్. మీ ఆయనకు జెప్పకు, పరేషాన్ జేస్తడు."

వెళ్లి కూర్చుంది. మొదటి దోసిలి నేనే పోశాను. రెండు చేతులతో కొంగు పట్టుకుని నవ్వింది.

గోలీల వల్లేనని నేను నిజంగా నమ్మానా? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. నమ్మలేదు బిడ్డా. నాకు తెలుసు. తెలిసీ, నా చెల్లెళ్ల ముందు, అక్క ముందు నిండిన ఒడితో కూతురు పీట మీద కనబడాలన్న ఒక్క ఆశకు, దాని ప్రాణాన్ని ఆ పూటకు పక్కన పెట్టాను. చుట్టాలు వెళ్లాకైనా చెప్పానా? గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయాను.

తెల్లవారేసరికి దాని కడుపు ఉబ్బిపోయింది. దవఖానకు తీసుకెళ్తుంటే దారిలో మీ నాయినకు అంతా చెప్పింది. బెలూను ముడుచుకుపోయి పేగులోకి జారి అడ్డం పడిందట. ముందురోజే వస్తే నోట్లోంచి తీసేవాళ్లమన్నారు. ఇక కోతే. కోతంటే భయపడిన పిల్ల.

మీ పెద్దమ్మమ్మ, అదే మా అక్క, డాక్టర్ల మాటలు విని వరండాలో నన్ను నిలదీసింది.

"నిన్ననే ఎరికైతే నిన్ననే ఎందుకు తోల్కరాలె?"

"అల్లుడు చుట్టాలు పోయినంక చూద్దామన్నడు."

నేనే అన్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. వెనక్కి తిరిగితే మీ నాయిన నీళ్ల సీసాతో నిలబడి ఉన్నాడు. విన్నాడు. తర్వాత సీసా నా చేతికిచ్చాడు.

"నీళ్లు తాగుండ్రి అత్తమ్మా."

అంతే.

మీ అమ్మ బతికింది. నా మాట కూడా బతికింది, ఊళ్లు తిరిగి నీ దాకా వచ్చింది. మీ అమ్మ నన్ను ఎందుకు బయటపెట్టలేదో అడిగే ధైర్యం నాకు లేదు. ఆ రోజు నుంచి మీ నాయిన మా ఇంట్లో చాయ్ తప్ప మెతుకు ముట్టడు. పొగరని అందరూ అంటారు. అన్న ప్రతిసారీ నేనూ ఊ కొట్టాను.

ఏంది, పెన్ను ఆపినవ్? నన్ను చూడాలంటే చూడు. రాసుడు మాత్రం ఆపకు.

క్షమించమని నిన్ను అడగను. అడగవలసింది నిన్ను కాదు. ఆయనను అడిగే హక్కు ఉందో లేదో నాకు తెలియదు. ఆదివారం నిన్ను తీసుకుపోవడానికి మీ అమ్మా నాయినా వస్తారు. మా అక్కనూ రమ్మన్నాను. అందరి ముందూ ఇది చదువు. నా గొంతు మధ్యలో ఆగిపోతుందనే నీతో రాయిస్తున్నాను.

చెప్పాక గొంతులో కాస్త జాగా అయినట్టుంది. అంతకన్నా ఎక్కువ ఆశించడం లేదు. ఆదివారం కూడా అన్నం తినమని ఆయనను బతిమాలను. చాయే పెడతాను.