జిద్దా దాకా తోడు

పోయిన మంగళవారం పొద్దున పదిన్నరకు ఆత్మకూరులో మా ఆఫీసుకు ఫోను వచ్చింది. ఉదయగిరి ఎస్టీడీ బూతులోంచి మా అమ్మ. "ఖాలా పోయిందిరా. తెల్లారి నమాజుకని లేచి, కాళ్లు చేతులు కడుక్కుంటా అట్టే ఒరిగిపోయినాది. సాయంత్రం నమాజు కాంగానే మట్టి. నువ్వు రావాల" అని, నేను నోరు తెరిచేలోపే పెట్టేసింది.

సెలవు చీటీ టైపు చేస్తుంటే వేళ్లు తప్పు అక్షరాల మీద పడుతున్నాయి. నేను పుట్టు భయస్థుణ్ణి. ఆ రోజు మొదటి భయం బస్సు గురించి. సాయంత్రంలోపు చేరకపోతే ఆమె ముఖం కాదు గదా, మట్టి కూడా దక్కదు. రెండో భయం ఇంకా పెద్దది. చేరినా నేను అక్కడ ఎవరినని నిలబడాలి?

ఆమె మాకు చుట్టం కాదు. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. మాది బాప్టిస్టు కుటుంబం, నాయన మిషన్ బడిలో అయ్యవారు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. నేను పుట్టిన నెలకే అమ్మకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టింది. అదే వారంలో ఖాలాకు పుట్టిన రెండు నెలల ఆడబిడ్డ పోయింది. మూడో రోజు ఆమె మా గుమ్మంలోకి వచ్చి, "ఆ బిడ్డను ఇటియ్యి. వాడు ఏడస్తా ఉంటే గోడ పక్కన నాకు ఉండబుద్ధి గావడంలా" అందట. నాయన కండువా సర్దుకుంటూ నిలబడ్డాడట. ఏడు నెలలు ఆమె పాలే తాగాను. తర్వాత ఆమెకు మళ్లీ పిల్లలు కలగలేదు. ఈ సంగతి మా రెండిళ్లలో ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు, దాచిపెట్టనూ లేదు.

ఆమె, ఆమె భర్త కొండ మీది నర్ది కర్రతో గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేసేవారు. ఆయన చెక్కితే ఆమె ఆకురాయితో నునుపు చేసేది. నేను చదువుకున్నదంతా ఆ ఆకురాయి చప్పుడులోనే. అయిపోయిన ప్రతి స్పూనునూ కింది పెదవికి ఒకసారి రాసుకుని చూసేది. "నోట్లో పెట్టుకునేదాన్ని చేత్తో తడిమితే ఏం తెలస్తాది?" అనేది. పదో తరగతి పరీక్షలకు ముందు నాకు అన్నం సయించక వాంతులైతే, అమ్మ ప్రార్థన చేసింది. ఖాలా మాత్రం, "భయపడేది పడు అబ్బయ్యా, చేసే పని మాత్రం ఆపమాక" అంది. నా జీవితం మొత్తం ఆ ఒక్క మాట మీదే నడిచిందంటే మీరు నవ్వుతారు గానీ, నిజం.

భర్త పోయిన తర్వాత ఆమెకు హజ్ యాత్ర మీద మనసు పడింది. మక్కాకు ఓడలు ఆగిపోయాయి, ఇక అందరూ విమానంలోనే పోవాలి అని చెప్పుకుంటున్న రోజులవి. ఒక మధ్యాహ్నం నెల్లూరు బస్సెక్కి, ఆత్మకూరులో దిగి, తిన్నగా మా ఆఫీసుకు వచ్చింది. బురఖా మడతలోంచి ఫారం తీసి నా టైపు మిషను పక్కన పెట్టింది.

"నింపు" అంది.

పేరు, ఊరు, వయసు నింపాను. ఒక గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆడవాళ్లు ఒంటరిగా పోవడానికి లేదు. వెంట వచ్చే మగమనిషి పేరు, వరస రాయాలి. ఆ మగమనిషిని మహ్రం అంటారట. తండ్రి, అన్నదమ్ములు, కొడుకు, ఇలా పెళ్లి వరస ఎప్పటికీ కాని మనిషై ఉండాలి. అది లేకపోతే దరఖాస్తు తీసుకోరు, వీసా రాదు. ఖాలాకు తండ్రి లేడు, తోడబుట్టినవాళ్లు లేరు.

"మీ మరిది వస్తానన్నాడుగా?" అన్నాను.

"మరిది పనికిరాడంట. హజ్రత్ చెప్పినాడు." హజ్రత్ అంటే ఉదయగిరి మసీదులో నమాజు చేయించే పెద్దాయన. "ఇంకో మాట గూడా చెప్పినాడు. పాలు తాగినోడు కొడుకేనంట, కడుపున పుట్టినోడి మాదిరే. రాయి అబ్బయ్యా, నీ పేరు రాయి."

ఆమె ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. కానీ ఆదివారం చర్చికి పోయే నన్ను మక్కాకు ఎవరు రానిస్తారు? ఆ మాటే మెల్లగా అన్నాను.

"ఆ మాత్రం నాకు తెలవదా? మక్కాలోకి నిన్ను రమ్మన్నానా? విమానం జిద్దాలో గదా దిగేది! నువ్వు జిద్దాలో కూచో. ఆడ ఏ మతమోళ్లయినా ఉండొచ్చంట, కువైటు పొయ్యొచ్చినోళ్లు చెప్పినారు. నేను పొయ్యి నా హజ్ చేసుకోని వస్తా. మళ్లా ఇద్దరం కలిసే వచ్చేద్దాం."

బస్టాండులో మూట దగ్గర కూర్చోమన్నంత తేలిగ్గా చెప్పింది. కాదనే ధైర్యం నాకు లేదు. "జిద్దా దాకా వస్తాలే ఖాలా. కనుక్కుంటాను" అన్నాను. ఆ సాయంత్రమే హైదరాబాదులోని హజ్ కమిటీకి ఉత్తరం టైపు చేసి రిజిస్టరు పోస్టులో పంపాను.

జవాబు కోసం ఎదురుచూసిన రోజులు తలుచుకుంటే ఇప్పటికీ అరిచేతులు చెమటలు పడతాయి. దరఖాస్తుకు గడువు దగ్గరపడుతోంది. ఈలోపు ఖాలా నెల్లూరు పోయి, మెదడువాపు జ్వరం రాకుండా యాత్రికులు వేయించుకోవాల్సిన సూది ముందే వేయించుకుని వచ్చింది. చెయ్యి వాచి రెండు రోజులు పడుకుంది. "సూది అయిపోయినాది, ఇంగ నీ కాయితమే" అని అమ్మ చేత కబురు పంపింది.

కాగితం వచ్చింది. తోడు వచ్చే మనిషి కూడా యాత్రికుడే అయి ఉండాలి, ఆ వీసా ముస్లింలకు మాత్రమే ఇస్తారు అని రెండు వాక్యాల్లో ఉంది. నాలుగు రోజులు దాన్ని జేబులో పెట్టుకు తిరిగాను, చొక్కా మార్చినప్పుడల్లా జేబు మార్చుకుంటూ.

నెల్లూరులో ఫారాలు నింపిపెట్టే మనిషి ఒకడు ఉపాయం చెప్పాడు. ముస్లిం పేరు పెట్టుకుని, టోపీతో ఫోటో తీయించుకుంటే మిగతాది తను చూసుకుంటానన్నాడు. దొరికిపోతే ఉద్యోగం పోతుంది, పరదేశంలో జైలు. మా చర్చి సంఘంలో తెలిస్తే నాయన తల ఎత్తుకోలేడు. మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదు. అయినా పోయి ఫోటో తీయించుకున్నాను. నా బతుకులో నేను చేసిన సాహసం అదొక్కటే, అదీ తప్పుడు పని.

ఉదయగిరి తీసుకుపోయి ఆమె చేతికిచ్చాను. వెలుతురుకు పెట్టి చూసింది. "టోపీ నీకు బాగానే కుదిరినాది" అని నవ్వింది. సంగతి చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది.

"దొంగపేరు పెట్టుకోని అల్లా ఇంటికి తీసకపోతావా నన్ను? ఆడ నిలబడి 'వచ్చినాను సామీ' అనాల నేను. నా కోసరం నువ్వు పేరు దాచిపెట్టుకోని ఉంటే ఆ మాట నా నోట్లోంచి వస్తాదా? మీ నాయన పెట్టిన పేరది. నా పాలు తాగి ఆ పేరుతోనే పెరిగినావు. దాన్ని మార్చమాక."

"మరి నువ్వు పోవద్దా?"

"పిలుపు రాలా. అంతే."

ఫోటో నా చేతిలో పెట్టి, స్పూను అందుకుని ఆకురాయి పట్టడం మొదలుపెట్టింది. రుద్దుతూనే ఉంది. స్పూను మెడ సన్నబడి రెండు ముక్కలైంది. ఆమె చేతిలో స్పూను విరగడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నేను ఏడిస్తే ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుందని బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఏటా ఫారాలు వచ్చే రోజుల్లో అడిగేది, "రూలేమన్నా మారినాదా?" అని. బస్సు ఎన్నింటికి అని అడిగినట్టే ఉండేది ఆ అడగడం. "ఇంకా లేదు ఖాలా" అనేవాణ్ణి. ఆ ప్రశ్న వస్తుందేమోనని ఆ నెలల్లో ఊరికి పోవడం తగ్గించుకున్నాను. సిగ్గుపడాల్సిన విషయమే, చెప్పుకుంటున్నాను. ఎవరు హజ్ కు బయలుదేరినా బస్సు దాకా వెళ్లి సాగనంపి వచ్చేది. పోయినేడు మాత్రం నన్ను ఏమీ అడగలేదు. అడగనందుకు ఇంకా ఎక్కువ దిగులు పడ్డాను.

మంగళవారం బస్సుకు దారిలో టైరు పోయింది. ఉదయగిరిలో దిగి, కొండ కింది ఖబరస్తానుకు పరిగెత్తేసరికి నమాజు అయిపోయింది. గుంట చుట్టూ నలుగురు దుప్పటి ఎత్తి పట్టుకుని ఉన్నారు. ఆడమనిషిని దించేటప్పుడు పరాయి కళ్లు పడకూడదట. లోపలికి దిగి ఆమెను అందుకోవాల్సింది కూడా మహ్రం అయిన మనిషేనని నాకు అప్పటిదాకా తెలియదు. నేను వెనకే, గోడ దగ్గర నిలబడ్డాను.

మరిది చెప్పులు విడిచి ముందుకు వచ్చాడు. హజ్రత్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఈ మధ్య ఆయన కర్ర లేకుండా నడవలేకపోతున్నాడు.

"ఆగు. కొడుకు వచ్చినాడు గదా" అని నా వైపు చూశాడు.

"అయ్యవారి కొడుకు గదా హజ్రత్? చర్చికి పొయ్యేటోడు" అన్నారు ఎవరో.

వద్దులెండి అనబోయాను. 

"జిద్దాలో అడిగుంటే జవాబు నా కాడ లేదు. ఈడ అడిగితే చెప్పేదానికి నేనుండా" అన్నాడు హజ్రత్. "వాడు తాగింది ఆమె పాలా, కాదా? ఎవరన్నా చెప్పండి."

 మరిదే నా భుజం పట్టి ముందుకు నడిపించాడు.

చెప్పులు విడిచి గుంటలోకి దిగాను. పైనుంచి ఆమెను నా చేతుల్లోకి వదిలారు. ఇంత తేలికా అనిపించింది. ఒంటికి చుట్టిన కఫన్ గుడ్డ ముడులు విప్పమంటే విప్పాను.

"ముఖం పడమరకు తిప్పు అబ్బయ్యా. మక్కా అటే" అంది పైనుంచి హజ్రత్ గొంతు.

తిప్పాను.

"ఇంకొంచెం."

మట్టిపెళ్ల ఒకటి ఆమె వీపుకు ఆనించి, ఇంకొంచెం తిప్పాను. చాలు అని ఆయన అనేదాకా ఆమె తలను అటే పట్టుకుని ఉన్నాను.