మెడ మీది నలుపు మురికి కాదు

"పెళ్లయి పిల్లలు పుడితే పి.సి.ఓ.ఎస్. అదే పోతుంది" అని చెప్పేవాళ్లంతా ఒకసారి పుంగనూరు వచ్చి నన్ను చూడాలి. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది డిగ్రీ చదువుతోంది. హార్మోన్ల తేడాతో నెలసరి తప్పించే ఈ పి.సి.ఓ.ఎస్. మాత్రం నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు.

మాది బట్టల కొట్టు. ఒకరోజు చీరలు చూపిస్తుంటే, బేరానికి వచ్చిన పెద్దావిడ చీర వదిలేసి నా మెడ వైపు చూసింది. "మెడంతా నల్లగా ఉండాదే, శనగపిండితో రుద్దుకోగూడదామ్మా?" అంది. రుద్దుతూనే ఉన్నాను, చర్మం మండింది గానీ నలుపు పోలేదు. నెలసరి కూడా నెలల తరబడి రావడం లేదు. వయసు మళ్లుతోంది కదా అనుకున్నాను. అన్నం తిన్న కాసేపటికే కూర్చున్న చోట కళ్లు మూతలు పడుతుంటే మాత్రం భయం వేసింది. మా అమ్మకు షుగర్ ఇలాగే మొదలై డయాలసిస్ దాకా వెళ్లింది.

మదనపల్లెలో లేడీ డాక్టర్ స్కానింగ్, పరగడుపున చేసే ఫాస్టింగ్ ఇన్సులిన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బిఏ1సి రాశారు. "అది మురికి కాదమ్మా, పి.సి.ఓ.ఎస్.తో పాటు వచ్చే ఇన్సులిన్ రెసిస్టెన్స్. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఊరుతున్నా సరిగ్గా పనిచేయడం లేదు. ఇంకా షుగర్ రాలేదు, అంచులో ఉన్నారు" అన్నారు. మాత్ర రాసి, ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. మాత్రతో పాటు ఎక్సర్‌సైజు కూడా అంటగడుతున్నారు కాబోలు అనుకున్నాను.

"పొద్దస్తమానం చీరల బేళ్లతోనే కుస్తీ పడతాండాను. ఇంకా ఎక్సర్‌సైజు యాలమ్మా?" అని ఆ ఫిజియో ఆమెను అడిగాను.

"బేళ్లు ఎత్తేది ఎవురక్కా?"

"పనివాళ్లు."

"అయితే కుస్తీ పట్టేది వాళ్లు గదా. మీరు పరుపు మింద కూసోని చెయ్యి సాపతాండారు."

కోపం వచ్చింది. కానీ నిజమే. మా కొట్లో పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కొట్టు కట్టేసేదాకా లేవం. అలా కదలకుండా కూర్చోవడమే కష్టపడటమని మా నమ్మకం.

కండరం పనిచేస్తే రక్తంలోని చక్కెరను బాగా లాక్కుంటుందట. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రబ్బరు బ్యాండు లాగడం, వేగంగా నడవడం నేర్పింది. త్వరగా తేల్చేద్దామని, ఆమె చెప్పినదానికి రెట్టింపు చేశాను. మోకాలు వాచి, కొన్ని వారాలు అన్నీ మూలపడ్డాయి. మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టాను. కొట్లో నిలబడి చీరలు చూపించడం అలవాటు చేసుకున్నాను. "కుర్చీ అరిగిపోతాండాది గానీ నువ్వు తగ్గలేదే" అనేవారు మా ఆయన.

ఆ మాటా అబద్ధం కాదు; బరువు పెద్దగా తగ్గలేదు. అయినా ఇన్సులిన్ తగ్గిందని రిపోర్టు వచ్చింది. నేను నమ్మలేదు. కుప్పంలో చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు అక్కడి ల్యాబులో మళ్లీ చేయించాను. అక్కడా అదే మాట.

"రోగముంటే డాక్టరు మింద అనుమానం, తగ్గితే ల్యాబు మింద అనుమానం. ఎవురు సెప్తే నమ్ముతావక్కా నువ్వు?" అని చెల్లెలు నవ్వింది.

ఇప్పుడు నెలసరి కాస్త గాడిలో పడింది. మెడ నలుపు పలచబడింది. మాత్ర వాడుతున్నాను, వ్యాయామం మానలేదు. నాలాంటి వాళ్లకు చెప్పేది ఒక్కటే: బరువు తగ్గలేదని వ్యాయామం మానకండి, డాక్టర్‌ను అడిగి రక్తపరీక్ష మళ్లీ చేయించుకోండి.

పోయినసారి వెళ్లినప్పుడు, మా అమ్మ పడిన బాధ నాకు తప్పుతుందా అని డాక్టర్‌ను అడిగాను. "రిస్క్ తగ్గుతుందమ్మా" అన్నారు. తగ్గుతుంది, సరే. తప్పుతుందా?