దుబాసీ కొడుకు

పరమేష్‌ది కల్వకుర్తి పక్కన ఒక చిన్న ఊరు. కానీ అతని నోటితో అతనే చెప్పగా వింటే మాత్రం, చార్మినార్ వెనక సందుల్లో పుట్టి, పావురాలకు గింజలు వేస్తూ పెరిగినవాడని ఎవరైనా నమ్మేస్తారు. తాత నిజాం గుర్రపుశాలలో పనిచేశాడట, తండ్రి సర్కారు బడిలో సారట. ఈ కథ అతను వారానికి నాలుగైదు సార్లు చెబుతాడు. వినేవాళ్లంతా శంషాబాద్‌లో ఒక విమానం దిగి, ఇంకో విమానం ఎక్కేలోపు ఎనిమిదో తొమ్మిదో గంటలు ఏం చేయాలో తోచని పరదేశీలు. వాళ్లను ఎయిర్‌పోర్టులో కారెక్కించుకుని, పట్నమంతా తిప్పి, చూసినవన్నీ ఇంగ్లీషులో వర్ణించి, టైముకు మళ్లీ అక్కడే దించడం అతని కొలువు. కారు కంపెనీది. కథలు మాత్రం సొంతం.

అసలు సంగతి ఏమిటంటే, అతని తాత గుర్రాన్ని దగ్గర నుంచి చూశాడో లేదో కూడా అనుమానమే. తాత, తండ్రి కురుమయ్య, అందరూ గొర్ల వెనక నడిచినవాళ్లే. పరమేష్ కూడా పదేళ్లు నిండేదాకా నడిచాడు. తర్వాత కల్వకుర్తి హాస్టల్లో చేరాడు, డిగ్రీ గట్టెక్కాడు, తెలంగాణ వచ్చిన మరుసటేడు పట్నం చేరి డ్రైవరయ్యాడు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ల మాటలు వినీ వినీ ఇంగ్లీషు నేర్చి, ఈ గైడు కొలువు పట్టాడు. తెలివికి తక్కువేం లేదు. తండ్రి పోయాక తల్లి గోపమ్మ, మేనమామ గుర్వయ్య మందను చూసుకుంటున్నారు. "అమ్మేయ్ అమ్మా, నా కాడికి రా" అని అతను రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు, ఆమె వస్తానంటుందేమోనని.

ఈ మాట వినగానే అతన్ని తిట్టాలనిపిస్తుంది. కానీ అతని వైపు కూడా కొంచెం వినాలి. కొలువులో చేరిన కొత్తలో ఒక దొరసాని "నువ్వు ఎక్కడ పెరిగావు?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. గోల్కొండ మెట్లు ఎక్కినంతసేపూ ఆమె కోటను చూడలేదు, ఇతన్నే చూసింది. చిన్నప్పుడు కడుపునిండా తిన్నావా అంది, కాళ్లకు చెప్పులుండేవా అంది. దిగేటప్పుడు సంచిలోంచి తన పాత స్వెట్టరు తీసి చేతిలో పెట్టింది. ఆమెది మంచి మనసే, కాదనలేం. కానీ ఆ స్వెట్టరు పట్టుకుని పార్కింగులో నిలబడ్డప్పుడు పరమేష్‌కు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. తెల్లారి ఎక్కిన గెస్టుకే చార్మినార్ కథ మొదలుపెట్టాడు. జాలి చూపులు ఆగిపోయాయి, రేటింగు చుక్కలు పెరిగాయి. అబద్ధానికి అంత మంచి గిరాకీ ఉంటే నిజాన్ని ఎవరు పట్టుకుని వేలాడతారు?

పైగా కంపెనీలో ఒక కట్టుబాటు ఉంది. గైడ్లు గెస్టులను తమ సొంతవాళ్ల ఇళ్లకు, దుకాణాలకు తీసుకుపోకూడదు. వెంకటేశ్ అనే గైడు బావమరిది ముత్యాల దుకాణం ముందు కారు ఆపాడని తెలిసి, మర్నాటి నుంచి రావద్దన్నారు. పరమేష్ అప్పుడే పిల్లను బడిలో వేశాడు. ఆ కొలువు పోతే మళ్లీ కిరాయి కారు స్టీరింగే గతి.

ఆ ఏడు మార్చిలో మార్తా అనే జర్మనీ ఆవిడ దిగింది. అరవై దాటిన మనిషి, జుట్టంతా తెల్లగా, మెడలో కెమెరా. బ్యాంకాక్ విమానానికి సాయంత్రం దాకా టైముంది. చార్మినార్ దగ్గర మామూలు కథ చెప్పించుకుంది, చాయ్ తాగింది, గాజులు కొంది. పదకొండు కాకముందే "జనం చాలు బాబూ, ఇంకా చాలా టైముంది కదా, ఎక్కడైనా ఖాళీ నేల చూపించు" అంది. ఎయిర్‌పోర్టుకు దూరం కాకుండా ఖాళీ నేల అంటే పరమేష్‌కు తోచింది శ్రీశైలం రోడ్డు ఒక్కటే. తుక్కుగూడ దగ్గర మలుపు తిప్పాడు. పుట్టినూరి దారే కదా అని బుద్ధి హెచ్చరించకపోలేదు. ఆమనగల్లు దాకా పోయి తిరిగి వస్తే ఊరు ఇంకా దూరమే ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు.

ఆమనగల్లు ఇంకా రాకముందే, రోడ్డు పక్క కోసేసిన కంది చేనులో మంద కనబడింది. ఎరువు కోసం రైతులు ఎండాకాలంలో మందలను పిలిపించి చేలల్లో పెట్టించుకుంటారు. నల్ల గొర్లు, తుంటి మీద ఎర్రటి జాజుతో రెండు అడ్డగీతలు. ఆ గీతలు తన తండ్రి పెట్టిన గుర్తు. పరమేష్ కాలు బ్రేకు మీద కాదు, ఆక్సిలరేటరు మీద పడింది.

"ఆపు, ఆపు!" అని మార్తా చప్పట్లు కొట్టింది.

"వద్దు మేడమ్, కుక్కలుంటాయి. ముందుకు పోతే చెరువుంది."

"చెరువులు మా దేశంలో ఉన్నాయి. ఇవి లేవు."

కారు ఆగింది. మేనమామ కనబడలేదు, గొర్లకు నట్టల మందు కొనడానికి ఆమనగల్లు పోయినట్టున్నాడు. తుమ్మ చెట్టు నీడలో గోపమ్మ ఒక్కతే ఉంది. కొడుకును చూసి నాలుగు నెలలైంది. కారులోంచి దిగింది ఎవరో పోల్చుకోగానే చేతికట్టె కింద పడేసి గబగబా ఎదురొచ్చింది. రెండు చేతులూ ముందుకు చాచింది. "బి..." అన్నంతవరకు నోరు తెరిచింది.

పరమేష్ అంతకన్నా ముందే గొంతు పెంచాడు. "పెద్దమ్మా! ఈ మేడమ్ జర్మనీ దేశంకెళ్లి వచ్చింది. గొర్లను చూస్తదట. జరసేపు ఉండి పోతం."

ముక్కూ మొహం తెలియని ముసలావిడను పిలిచే పిలుపు అది. కన్నతల్లిని ఎవరూ అలా పిలవరు. గోపమ్మ ఆగిపోయింది. కొడుకు ఇస్త్రీ చొక్కాను చూసింది, మెడలో వేలాడే కార్డును చూసింది, పక్కన నవ్వుతూ నిలబడ్డ తెల్లావిడను చూసింది. చాచిన చేతులతో కొంగు తీసి మొహం తుడుచుకుంది. అంతే, అర్థమైపోయింది ఆమెకు. పిల్లవాడు ఏదో ఇరకాటంలో ఉన్నాడనుకుందో, తల్లి అంటే నామోషీ అనుకుందో, రెండూ అనుకుందో.

"సూడుండ్రి సారూ. సూస్తె గొర్లు ఏం తరుగుతయి" అంది.

ఆ 'సారూ' పరమేష్ గుండెలో దిగబడింది. అయినా ఊపిరి పీల్చుకున్నాడు, సిగ్గులేకుండా హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు.

గోపమ్మ భుజం మీది గొంగడి దులిపి చెట్టు కింద పరిచి, మార్తాను కూర్చోబెట్టింది. కురుమల్లో అది పద్ధతి. మంద కాడికి బయటివాళ్లు వస్తే గొంగడి పరిచి కూర్చోబెడతారు. ఇంటివాళ్లకు పరవరు, ఇంటివాళ్లది మట్టే. మందలో ఉన్న మేకల పాలు పిండి, రాళ్ల పొయ్యి మీద కాచి, ఇద్దరికీ గ్లాసుల్లో పోసింది. పరమేష్ గ్లాసు పట్టుకుని, అలవాటు కొద్దీ, గొంగడికి అవతల మట్టిలో గొంతుకూర్చున్నాడు.

మార్తా పాలు తాగి పెదాలు తుడుచుకుంది. "ఆమెకు పిల్లలున్నారా? అడుగు" అంది.

గైడు పని అంటే దుబాసీ పని కూడా. పరమేష్ గొంతు సవరించుకున్నాడు. "పెద్దమ్మా, నీకు పిల్లలున్నరా అని అడుగుతాంది."

గోపమ్మ సూటిగా అతని కళ్లలోకి చూసింది. "ఒక్కడే సారూ. ఇద్దరు పుట్టి పోయినంక వీడు పుట్టిండు. ఊరికి పోయే యాళ్ల కూడ లేకుండె. మంద కాడనే, వానల, గొంగడి సాటుకు కన్న. బతుకుతడనుకోలే."

తనకు ముందు ఇద్దరు పోయారని పరమేష్‌కు తెలుసు. తను వానలో, మంద దగ్గర పుట్టానని తెలియదు. ముప్పై నాలుగేళ్లలో ఎన్నడూ అడగలేదు, ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఇవాళ పరాయివాడికి చెబుతోంది. అతను దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. మాటలు తడబడ్డాయి. మార్తా గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పట్నంల. ఇమానాల కాడ కొలువు. పెద్ద కొలువే."

"చూడడానికి వస్తాడా?"

"పని జాస్తి ఉంటది సారూ. ఈలైనప్పుడు వస్తడు."

"మంచి కొడుకేనా?"

ఈ ప్రశ్నను పరమేష్ మింగేద్దామనుకున్నాడు. గ్లాసులో మిగిలిన పాలు తాగాడు. మార్తా ఊరుకోలేదు, "అడుగు, అడుగు" అంది. చివరికి నేల మీద పుల్లతో గీస్తూ, తలెత్తకుండా, "కొడుకు మంచోడేనా అని అడుగుతాంది" అన్నాడు.

గోపమ్మ పక్కకు పోతున్న ఒక గొర్రెపిల్లను అదిలించింది. తర్వాత మెల్లగా అంది, "మీరే చెప్పుండ్రి సారూ. మీరు సుత పట్నమోళ్లే గద, సూసే ఉంటరు."

"ఏమంది?"

"చాలా మంచివాడంది" అన్నాడు పరమేష్. అబద్ధాలలో ఆరితేరిన ఆ నోటికి ఆ రెండు మాటలు చాలా బరువయ్యాయి.

మార్తా కెమెరా తీసి, ఇద్దరూ పక్కపక్కన కూర్చోండని సైగ చేసింది. అప్పుడు గోపమ్మ చూపు కొడుకు కూర్చున్న చోటు మీద పడింది. ఆమె వచ్చి అతని ముందు నిలబడింది.

"లేవుండ్రి సారూ. మట్టిల కూసున్నరేంది? సుట్టమై వచ్చినోళ్లు గొంగడి మీద కూసోవాలె."

"పర్వాలేదు, నేను ఇక్కడే..."

"మట్టి మా ఇంటోళ్లకు. మీరు లేవుండ్రి."

ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. వచ్చిన అతిథికి మర్యాద తక్కువ కాకూడదన్న తాపత్రయమే ఉంది. తిట్టి ఉంటే బాగుండేది, చెంప మీద ఒక్కటి పీకి ఉంటే ఇంకా బాగుండేది. పరమేష్ లేచాడు. గొంగడి మీద కూర్చున్నాడు. ఆ నేత గరుకు కాళ్లకు తగలగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అలా తల్లికి చుట్టమైపోయిన క్షణం మార్తా కెమెరాలో పడింది.

తిరుగు దారిలో మార్తా ఒకటే మాట్లాడింది. ఆ ముసలావిడను మరిచిపోలేనంది, ఆమె కొడుకు అదృష్టవంతుడంది. పరమేష్ అద్దంలోంచి వెనక్కి చూడకుండా "అవును మేడమ్, అవును మేడమ్" అంటూ నడిపాడు. ఎయిర్‌పోర్టు దగ్గర ఆమె దిగుతుంటే, ఆమె నా తల్లి అని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహంలో స్వెట్టరు ఇచ్చిన దొరసాని కనబడింది. సామాను దించి, దండం పెట్టి పంపించాడు.

గంట గడవకముందే కంపెనీ మేనేజరు స్నేహలత ఫోన్ చేసింది. గొంతులో సంబరం దాచుకోలేకపోతోంది. "పరమేష్ గారూ, విమానం ఎక్కకముందే ఆవిడ ఎంత పెద్ద రివ్యూ రాసిందో చూశారా? మీరు గొంగడి మీద, ఆ గొర్ల ముసలామె పక్కన మట్టిలో కూర్చున్న ఫొటో కూడా పెట్టింది. ఎంత సహజంగా ఉందో! వచ్చే వారం నుంచి ఎక్కువ టైమున్న గెస్టులందరికీ ఆ మంద చూపిద్దాం. మీరే పోయి ఆమెను ఒప్పించండి."

"మేడమ్, ఆమె..."

"ఆమెకేమైనా ఇవ్వాలా? ఇద్దాం లెండి."

"అది కాదు మేడమ్."

"మరి?"

పరమేష్ చూపు పార్కింగులో వరుసగా నిలబడ్డ కంపెనీ కార్ల మీద పడింది. "ఏం లేదు మేడమ్. మాట్లాడతాను" అన్నాడు.

పొద్దు వాలుతుండగా మంద కాడికి ఫోన్ చేశాడు. మేనమామ గుర్వయ్య ఎత్తాడు.

"అరే పరమేషా, యాదికొచ్చినమా! ఇయ్యాల మీ అమ్మ కాడికి తెల్ల దొరసాని వచ్చిందంట. ఎంబడి ఎవరో పట్నం సారు సుత వచ్చిండంట. శానా మర్యాదస్థుడంట, మంచిగ మాట్లాడిండంట. నేనొచ్చిన కాడికెళ్లి గదే ముచ్చట చెప్తాంది."

సొంత తమ్ముడికి కూడా ఆమె చెప్పలేదు. పరమేష్ తల స్టీరింగుకు ఆనించాడు. "అమ్మకియ్యి మామా" అన్నాడు.

"ఆ, బిడ్డా" అంది గోపమ్మ, తమ్ముడికి వినబడకుండా ఫోన్ పట్టుకుని దూరంగా నడుస్తూ. మధ్యాహ్నం సగంలో ఆగిపోయిన మాట ఇప్పుడు పూర్తిగా వచ్చింది.

"అమ్మా..." అన్నాడు.

"దొరసానికి ఇమానం అందిందా?"

"అందింది. అమ్మా, నేను చేసింది..."

"అందితె చాలు తియ్."

"కంపెనోళ్లు ఇంకొందరిని నీ కాడికి తీస్కపొమ్మంటున్నరు. నేను కాదంట. కొలువు పోతె పోనీ."

"కొలువెందుకు పోగొట్టుకుంటవ్ రా, పిల్ల బడి ఉండంగ. తీస్కరా." వెనక గొర్లు అరుస్తున్నాయి. ఆమె వాటిని ఒకసారి అదిలించింది. "కాకపోతె ఒక్కటి బిడ్డా. గాళ్ల ముందట నిన్ను ఏమని పిలువాల్నో ముందుగాల్నె ఫోన్ జేసి చెప్పు. ఇయ్యాల జరైతె నోరు జారుతుంటి."