తల తీసిన రొయ్య మీద వైవా

యానాం కాలేజీకి నా బదిలీ ఉత్తర్వు ఒక జూన్ నెల మొదటి వారంలో వచ్చింది. హోదా ఇంగ్లిష్ లెక్చరర్; అప్పగించిన పని బి.ఏ. అమెరికన్ స్టడీస్. అమెరికా చరిత్ర, సాహిత్యం, అక్కడి కుటుంబం, మతం, వ్యాపారం కలిపి చదివించే మూడేళ్ళ డిగ్రీ అది. ఊళ్ళో అందరూ దాన్ని "బి.ఏ. అమెరికా" అనేవారు. మొదటిరోజు నన్ను కాలేజీ దగ్గర దింపిన ఆటో అతను, "ఫ్రెంచోళ్ళు ఏలిన ఊళ్ళో అమెరికా చదువేంటండి బాబూ!" అని నవ్వాడు. నాకు ముక్కుమీద కోపం. నీ ఆటో నువ్వు తోలుకోవయ్యా అని కసిరాను.

మా తరగతి గదిలోకి గోదావరి గాలి ధారాళంగా వచ్చేది. పిల్లల్లో ఒక్కరూ అమెరికా చూడలేదు, నేనూ చూడలేదు. అయినా ఎంత దర్జాగా చెప్పేవాణ్ణో! ఆ మధ్యాహ్నాలు గుర్తొస్తే ఇప్పటికీ మళ్ళీ ఒక్క క్లాసు చెప్పాలనిపిస్తుంది.

మూడో ఏడు ప్రతి విద్యార్థీ ఒక థీసిస్ రాయాలి. దాన్ని రాయించే గైడు చదివి, ధ్రువీకరణ సంతకం పెట్టాలి. తరవాత యూనివర్సిటీ పంపిన ఎగ్జామినర్ వైవా, అంటే నోటి పరీక్ష, చేస్తారు. మార్కుల జాబితా మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఇవి కాక నేను సొంతంగా ఒక నియమం పెట్టాను: గైడు దిద్దిన చిత్తుప్రతిని కూడా వెనక జతచేసి బైండు చేయించాలి. పిల్లలు ఎక్కడెక్కడ దిద్దుకున్నారో తెలుస్తుందని నా ఆలోచన.

కనకాలపేట నుంచి సత్యవేణి అనే అమ్మాయి వచ్చేది; ఆమె థీసిస్‌కి గైడుని నేనే. వాళ్ళమ్మ నూకరత్నం యానాం మార్కెట్లో చేపలు అమ్మేది. ఈ పిల్ల సెలవుల్లో పది రోజులు రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసి, అమెరికాకి వెళ్ళే రొయ్యల మీద చిత్తుప్రతి రాసి తెచ్చింది. తల తీయడం, పెంకు ఒలవడం, నల్ల నరం లాగడం అని మొదటి పేజీలోనే ఉంది. నాకు ఒళ్ళు మండింది. రెండో పేజీ తిప్పకుండానే "విషయానికి సంబంధం లేదు" అని ఎర్రసిరాతో రాసి పడేశాను. ఆమె మాత్రం అదే పూర్తి చేసి గడువు చివరిరోజున తెచ్చింది. దొంతరలో అడుగున ఉన్న ఆ థీసిస్‌ని చదవకుండానే, చదివానని సంతకం పెట్టాను.

వైవా రోజున ఎగ్జామినర్ మొట్టమొదట వెనకున్న చిత్తుప్రతే తెరిచారు. నా రాతను వేలితో చూపించి, "గైడుగారే సంబంధం లేదన్నారు కదమ్మా, నేనెలా పాస్ చెయ్యను?" అన్నారు. సత్యవేణి మొహం పాలిపోయింది. థీసిస్‌లో ఫెయిలైతే ఆ ఏడు డిగ్రీ చేతికి రాదు. అప్పటికే వచ్చిన బి.ఇడి. సీటు పోతుంది. తప్పు నాది, శిక్ష ఆ పిల్లకి.

అయినా వైవా జరపాలి కాబట్టి, అమెరికావాళ్ళు తలలేని రొయ్య అడగడం బద్ధకమేగా అని ఆయన అడిగారు. ఆమె ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి తడబడింది. తెలుగులోనే చెప్పమన్నారు.

"బద్ధకం కాదండి. మా అమ్మ దగ్గర చేప కొనేవాళ్ళు మొప్ప ఎత్తి చూసుకుంటారండి. రొయ్యకి తల వదులైతే ముట్టుకోరండి. అయినా పాడైందనుకోండి, రేపొచ్చి మా అమ్మని తిట్టిపోస్తారు. అక్కడోళ్ళకి అమ్మేదెవరో తెలీదు కదండీ, ఎవర్ని తిడతారు? అందుకని తల చూసే బదులు, ఎక్కడ పెరిగింది, ఎప్పుడు ఒలిచారు, ఎవరు చూసి సంతకం పెట్టారు, అన్నీ పెట్టె మీద కాయితంలో అడుగుతారండి. మనం మనిషిని నమ్ముతామండి, వాళ్ళు సంతకాన్ని నమ్ముతారండి."

సంతకం అన్న మాట వినగానే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. నేను మూడేళ్ళు చెప్పిన పాఠాల్లో ఈ ముక్క లేదు.

జవాబు బాగుందని ఎగ్జామినర్ ఒప్పుకున్నారు. కానీ గైడు రాత అలా ఉండగా మార్కులు వెయ్యలేనన్నారు. నేను లేచి, ఆ ఎర్రసిరా కింద "పై అభిప్రాయం చదవకుండా రాసినది. వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసి, తేదీ వేసి, పూర్తి సంతకం పెట్టాను. ఆ అమ్మాయి చూస్తుండగానే రాశాను. ఆయన ఫస్ట్ క్లాస్ మార్కులు వేశారు. సత్యవేణికి బి.ఇడి. సీటు నిలిచింది, ఆమె ఇప్పుడు టీచరు.

ఆ ఆదివారం మార్కెట్‌కి వెళితే నూకరత్నం ఒక చేప తీసి మొప్ప ఎత్తి చూపించింది. నీ మీద నమ్మకమేనమ్మా, సంచిలో వేసెయ్యి అన్నాను.

"నమ్మకం ఎక్కడికి పోద్దండి మాస్టారూ, ముందు చూడండి" అంది.

వంగి చూసి తీసుకున్నాను. ఆ తరవాత రిటైరయ్యేదాకా చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.